గీతలైపోయిన ప్రెసిడెంటుగారు

1986 మార్చి, ఆదివారం రాత్రి

నిన్న ఎడ్లబండ్ల పందెంలో షట్టర్ వేగం తగ్గించి, పరుగెత్తే ఎడ్లతోపాటే కెమెరా తిప్పుతూ ఫోటో తీశాను. ఎడ్ల కళ్ళు కూడా స్పష్టంగా పడ్డాయి. వాటి వెనక కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా గీతలైపోయారు. వాళ్ళలో బహుమతి ఇచ్చిన ప్రెసిడెంటుగారూ ఉన్నారు.

ఇవాళ ఆయన నేను పనిచేసే స్టూడియోకి వచ్చి, ఫోటో చూసి, "ఎడ్లను రోజూ చూస్తన్నాంగా. ఇందులో నేనేడమ్మాయ్?" అన్నారు.

"ఆడపిల్ల గదండీ, చెయ్యి వణికింది," అన్నాడు మా ఓనరు.

"వణికితే ఎడ్ల కళ్ళెట్టా తేటగా పడతయ్యండీ?" అన్నాను.

ఓనరు కెమెరా బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇకనుంచి డార్క్‌రూమ్‌లో ప్రింట్లు కడుగుతూ ఉండమన్నాడు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ముఖం వెలిగిపోయింది. "పోన్లే తల్లీ, మగాళ్ళ మధ్య ఎండలో తిరిగే పని తప్పింది," అంటూ నా కంచంలో ఇంకాస్త నెయ్యి వేసింది.