మంచం కింద సాక్సుల మూట

సత్వా, దుబాయ్
14 మే 2023

ఆపిల్ తోట అంజిబాబు గారికి,

మీ భార్య విజయదుర్గ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీ క్షేమం చూసుకునేవాళ్ళు చాలామందే ఉన్నారని తెలిసింది, కాబట్టి ప్రత్యేకించి అడగను.

ఫోన్లో అడిగితే పనుందని పెట్టేస్తారు. అందుకే ఈ ఉత్తరం. మీ ఫుజైరా తోట నుంచి కూరలు తెచ్చే అజ్మతుల్లా మొన్న పళ్ళికిలిస్తూ చెప్పాడు, మీ మంచం కింద ఆడవాళ్ళ నైలాన్ సాక్సులు మూటెడు ఉన్నాయట. ఎవరివి భాయ్ అంటే, మీ ఆయన్నే అడుగు బెహన్ అని బండెక్కాడు. నమ్మలేదు. నిన్న మన రాజోలు రూబీ, ఫుజైరా ఆసుపత్రిలో నర్సు, ఫోన్ చేసింది. బావ మా హాస్టల్ గేటు కాడ సంచీ ఎట్టుకుని నిలబడ్డాడక్కా, నన్ను సూసి మొహం తిప్పేసుకున్నాడు అంది.

కామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారేమో. అనండి. నా మడమలు పగిలి నెత్తురు కారినా ఒక జత సాక్సులు కొన్న పాపాన పోలేదు మీరు.

నెలాఖరుకు నా వీసా అయిపోతుంది. ఉంటావా, వెళ్తావా అని నేను పనిచేసే ఇంటి మేడమ్ అడుగుతోంది. మీరున్నారనే ఇంకో రెండేళ్ళు ఉందామనుకున్నాను. ఇప్పుడెవరి కోసం ఉండాలి? వెళ్ళిపోతానని రేపు చెప్పేస్తాను. ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి, అక్షరాలు కుదరడం లేదు.

ఇప్పటికింకా మీ భార్య,
విజయదుర్గ

తా.క.: ఉత్తరం అంటించేలోపు మీరు పంపిన ఆపిల్ పళ్ళు అజ్మతుల్లా తెచ్చాడు. ప్రతి పండుకూ సాక్సు ముక్క తొడిగి ముడేసి ఉంది. నిలదీస్తే అంతా కక్కాడు. నిరుడు పండు ఈగ కాపంతా పుచ్చు చేసిందట. మందులకు డబ్బివ్వను, ఈసారీ పురుగు కనిపిస్తే చెట్లు పీకించేస్తా, అంజిబాబు వీసా ఖలాస్ అని ముదీర్, అంటే మీ మేనేజరు, అన్నాడట. అందుకని మీరు నర్సులు పారేసే సాక్సులు అడుక్కొచ్చి, ఉతికి, ముక్కలు చేసి ఈగ కుట్టకుండా పిందె పిందెకూ కట్టారట. మీ వీసా సంగతి తెలిస్తే నేను అన్నం మానేస్తానని అతని చేత ఒట్టేయించుకున్నారట.

పండు కోసి చూశాను. పురుగు లేదు. ఏడుస్తూనే తిన్నాను.

ఉత్తరం చింపడం లేదు. మీరు దాచినందుకు నేనేమనుకున్నానో మీకూ తెలియాలి. మేడమ్‌కు ఉంటానని చెప్పి, ఆమె పాత సాక్సులు అడిగి పంపుతున్నాను. ఇకమీదట ఏది కావలసినా, ఎంత భయమేసినా, పరాయివాళ్ళ గేట్ల దగ్గర నిలబడకండి. ముందు నాకు చెప్పండి.