గంజి కలిపిన బీరు

ఏలూరు

బావగారికి నమస్కారం.

మీ ఫోను ఎత్తనందుకు ఏమీ అనుకోకండి. పనిలో ఉన్నాను.

కిందటేడు జ్వరం తగ్గాక ముక్కుకు వాసన తెలియడం లేదని మీరు నాకొక్కడికే చెప్పారు. అయినా యూట్యూబులో క్రాఫ్ట్ బీర్లకు, అదే చిన్న చిన్న బట్టీల్లో చేసే రకాలకు, రుచి చెప్పడం మానలేదు. మొన్న తాడేపల్లిగూడెంలో నేను పోసిచ్చింది తాగి, "లవంగం వాసన వస్తోందండీ, గోధుమ బీరంటే ఇదీ," అన్నారు. అది చప్పబడిపోయిన మామూలు బీరు. అందులో అన్నం గంజి కలిపాను. గంజి కలపడం దగ్గర్నుంచి మీరు కళ్లు మూసుకుని మెచ్చుకోవడం దాకా వీడియో తీసి యూట్యూబులో పెట్టింది నేనే.

తీసెయ్యమని అక్క బతిమాలింది. "ఆయనకి మిగిలిన సరదా అదొక్కటేరా," అని ఏడ్చింది. తీయలేనండి, జనం బాగా చూస్తున్నారు.

విశాఖపట్నం బీర్ల పోటీవాళ్లు న్యాయనిర్ణేతగా మీకు బదులు నన్ను రమ్మన్నారు. నురగ చూడడం, గుక్కను నోట్లో తిప్పడం మీరే నేర్పారు కాబట్టి నాకు కష్టం ఉండదు.

ఒక్క సాయం చెయ్యండి. రుచి చూసే ఆ పొడవాటి గ్లాసులు మీకిక అక్కర్లేదు కదా. అక్కచేత కడిగించి పంపండి.

మీ బావమరిది