పాపకు ఆ సర్వు ఇప్పుడొద్దన్నా

అన్నకు,

బరోడా నుంచి నీ చెల్లెలు హేమ నమస్కారాలు పెట్టి రాసేది. నువ్వు, వదినె, మన సింధు పాప, అమ్మ అందరూ బాగుండారని అనుకుంటా ఉండాను. అమ్మకు మోకాళ్ళ నొప్పి ఎట్లుండాది? కాణిపాకానికి నడిచే పోతానని మళ్ళా మొదలుపెడితే ఒప్పుకోవద్దు, బస్సెక్కించు. మామిడికాయలు దిగే కాలం వచ్చింది కదా, గుజ్జు ఫ్యాక్టరీలో పడి నువ్వు అన్నం మర్చిపోతావు. వేళకు తిను.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని అనుకుంటావు. ఫోన్లో ఈ సంగతి ఎత్తితే "సరేలేమ్మా, వదినెకిస్తాను" అని నువ్వు చేయి మార్చేస్తావు. అందుకే రాస్తా ఉండాను. ఒక్కడివే కూర్చోని చదువు.

ఈడ ఎండలు మన చిత్తూరు ఎండల్ని మించిపోయినాయి. పప్పులో బెల్లమేస్తారు. మొదట్లో ముద్ద దిగేది కాదు, ఇప్పుడు అలవాటైంది. వదినె పంపిన చెనిక్కాయల పొడి ఐపోయింది, వీలైతే ఇంకొంచెం పంపమను. గదిలో తోడుండే పిల్ల మంచిదే కానీ, తెలుగులో ఒక మాట మాట్లాడేదానికి మనిషి లేదు. ఆదివారాలు మాత్రం గడవవు.

పొద్దున ఈడి టెన్నిస్ అకాడమీలో చిన్నపిల్లలకు నేర్పించేది నా పని, సాయంత్రం అకాడమీ తరఫున ఆడేది. సర్వు నేర్పించేటప్పుడు నీ మాటలే హిందీలో చెప్తాను. రాకెట్టును గొడ్డలి పట్టినట్టు పట్టాల. బంతిని కొంచెం ముందుకు ఎగరేసి నిండుగా కొడితే సూటిగా పోతుంది. కుడిపక్కకు ఎగరేసి, దోసకాయ తొక్క తీసినట్టు బంతి పక్కను గీకితే కోసుకుంటా పోయి అవతలోళ్ళను కోర్టు బయటికి లాగుతుంది. నెత్తిమీదికి ఎగరేసి, నడుం వెనక్కి విల్లు మాదిరి వంచి, కింద నుంచి పైకి గీకితే నేల తాకి భుజాలంత ఎత్తు ఎగురుతుంది. మొదటి రెండూ చూసి పిల్లలు ఊరకుంటారు. ఆ మూడోది చూసినప్పుడే నోరు తెరిచేది.

పోయిన నెల వేరే క్లబ్బు వాళ్ళతో ఆట పడింది. మొదటి సర్వు నెట్టుకు తగిలింది. రెండోది ఆ ఎగిరే సర్వే చేద్దామని నడుం వంచినాను. లోపల ఏదో తెగినట్టైంది. బంతి వచ్చి నా పక్కనే పడింది, నేనూ పడినాను. లేద్దామంటే కాళ్ళు మాట వినలేదు. నలుగురు ఎత్తుకుని కారులో పడుకోబెట్టినారు.

భయపడొద్దు. ఇప్పుడు నడుస్తా ఉండాను, నడుముకు పట్టీ వేసుకుని మెల్లగా నడుస్తాను. కానీ డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు తీసి చూసి చెప్పిన మాట విను. నా వెన్నులో కింది ఎముక పగిలుండాదంట. అది ఇప్పటి పగులు కాదంట. చిన్నప్పుడు, ఎముక ముదరక ముందే పగిలి, అతుక్కోకుండా అట్లే ఉండిపోయిందంట. ఇన్నేండ్లు ఎట్లో నెట్టుకొచ్చి ఇప్పుడు పక్కకు జరిగింది. ఇంక నెత్తిమీద నుంచి సర్వు చేసేది లేదు, ఆటే లేదు అని చెప్పేసినాడు.

తర్వాత ఆయన, "నడుం వంచే సర్వు చిన్నప్పటి నుంచీ చేస్తా ఉండావా? నీకెవరు నేర్పించినారు?" అని అడిగినాడు.

"ఎవురూ లేదు సార్, టీవీ చూసి నేనే నేర్చుకున్నాను" అన్నాను.

అన్నా, ఆ రాత్రంతా మన మట్టి కోర్టే గుర్తుకొచ్చింది. నీ అరచేయి నా నడుం మీద పెట్టి, "ఇంకొంచెం వంగమ్మా, ఇంకొంచెం" అనేవాడివి. మాపటికి నడుం పట్టేస్తే అమ్మ కాపడం పెట్టేది, తెల్లారి మళ్ళా పోయేవాళ్ళం. ఆ సర్వుతోనే కదా తిరపతిలో నాకంటే పెద్దపిల్లల్ని ఓడించింది. ఆ పొద్దు నన్ను భుజాన ఎక్కించుకుని బస్టాండు దాకా నడిచినావు. నిజం చెప్తాను, కొన్ని దినాలు నీమీద కోపమొచ్చింది. గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చినాను. కోపం పోయినాక ఏడుపు ఇంకా ఎక్కువైంది. మనకు చెప్పేవాళ్ళు ఎవురుండినారు? నీకు తెలిసిందంతా నాకు పెట్టినావు. తెలియంది యాడనుంచి తెస్తావు?

ఈ సంగతి నీకు చెప్పకూడదనే అనుకున్నాను. కానీ మొన్న వదినె వీడియో పంపింది. మన సింధు పాప అదే సర్వు చేస్తా ఉండాది. నీ అరచేయి పాప నడుం మీద ఉండాది. ఆఖర్న పాప నడుం పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసినాక నాకు అన్నం పోలేదు.

పాపకు ఆ సర్వు ఇప్పుడొద్దన్నా. సూటి సర్వు నేర్పించు, కోత సర్వు నేర్పించు, ఎముకలు ముదిరేదాకా అవి చాలు. నడుం నొప్పి అని పాప ఒక్కసారి చెప్పినా కాపడం పెట్టి కోర్టుకు తోలొద్దు, తిరపతికి తీసుకుపోయి ఎముకల డాక్టరుకు చూపించు. ఓడిపోతే ఓడిపోనీ.

నా గురించి బెంగ పెట్టుకోవద్దు. ఆడకపోయినా చిన్నపిల్లలకు నేర్పిస్తా ఉండిపొమ్మని ఈడి పెద్ద కోచ్ మేడం చెప్పింది. కుర్చీ వేసుకుని కూర్చోని చెప్తాను. రాకెట్టు చూస్తే చేయి ఊరుకోదు, అదొక్కటే బాధ. నాకు నడుం పట్టేసిందని మాత్రం అమ్మకు చెప్పు, మిగతాది వద్దు.

ఇంకొక మాట. పాప ఎందుకు మానేయాలని అడుగుతుంది. అత్త చెప్పిందని చెప్పొద్దు, నా ఎముక సంగతి అసలు ఎత్తొద్దు. "నాకు తెలుసు పాపా, నీకు ఇంకా వయసు రాలేదు" అని నువ్వే చెప్పు. మా నాయనకు అన్నీ తెలుసు అనే ఆ బిడ్డ అనుకోవాల. నీ గురించి నేనూ అట్లనే అనుకుని పెరిగినాను.

అమ్మకు నా దండాలు, వదినెకు నమస్కారం, పాపకు ముద్దులు. నన్ను దీవించు.

నీ చెల్లెలు, నువ్వు నేర్పించిన పిల్ల,
హేమ