హైవే మీద మా పాత విమానం

మార్చి 4
పేపర్లో వేశారు. యుద్ధమొస్తే పనికొస్తుందో లేదోనని వచ్చే వారం హైవే మీద విమానాలు దించి చూస్తారట. మిలిటరీ రవాణా విమానం కూడా ఉందిట. మా పాతదా, దాని బదులు వస్తున్న కొత్తదా... రాయలేదు. ఇరవై ఏళ్లు దాని ఇంజన్లు బాగుచేసినవాణ్ణి, ఆగలేకపోతున్నా.

మార్చి 5
శ్రావణికి ఫోన్ చేశా. నా కూతురు పనిచేసేది ఆ కొత్త విమానం కట్టే ఫ్యాక్టరీలోనే. "మాది వస్తే తిట్టకండి నాన్నా" అని ఒకటే నవ్వు. తిట్టనని మాటివ్వలేదు.

మార్చి 7
మా ఆవిడ రాజ్యం కూడా వస్తుందిట. "నాకంటే ముందు కట్టుకున్నదేగా. మొహం చూడొద్దూ?"

మార్చి 8
తెనాలి డాక్టరు చెవికి మిషన్ పెట్టాడు. కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడ్డా.

మార్చి 11
రాజ్యం వాళ్లన్నయ్య రేపల్లె నుంచి కారు తెచ్చాడు. బాపట్లలో టిఫిన్. పోలీసాయన దూరంగానే ఆపేశాడు — "ఇక్కణ్ణుంచే చూడండి బాబాయ్." మిరపచేను గట్టు మీద నిలబడ్డాం.
ముందు అరికాళ్లకి తెలిసింది, తర్వాత చెవికి. మాదే! చక్రాలు రోడ్డుకి తగిలాయి, కాస్త పొగ, మళ్లీ లేచిపోయింది.
"ఇంతేనా?" అంది రాజ్యం.
అప్పుడు చెప్పేశా. మంచుకొండల్లో ఒకసారి — ఆ ఎత్తులో ఆపితే మళ్లీ స్టార్ట్ కావని ఇంజన్లు ఆపకుండానే బియ్యం బస్తాలు దించుతున్నాం. నెలలు నిండిన ఒకావిణ్ణి మోసుకొచ్చి ఎక్కించారు. కిందికి చేరకముందే గాల్లోనే కాన్పు. ఆడపిల్ల. ఆ హోరులో ఏడుపు వినపడలేదు, నోరు తెరవడం చూశానంతే. నా ఒళ్లోనే పెట్టారు.
"ఇన్నాళ్లూ చెప్పలేదేంటండి?"
"అదే వారం ఇక్కడ శ్రావణి పుట్టింది. నీ దగ్గర లేను. ఎవరి బిడ్డనో ఎత్తుకున్నానని ఏ మొహంతో చెప్పను?"
రాజ్యం ఓ మిరపకాయ తుంచింది. తర్వాత — "దేంట్లో చుట్టారు పిల్లని?"
"నా స్వెటర్లో."
"నేనల్లిందా? రైల్లో పోయిందన్నారుగా!"
గట్టు మీద కూలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. బావగారికేమీ అర్థంకాలేదు.

మార్చి 12
హాయిగా నిద్రపట్టింది.

మార్చి 14
శ్రావణి ఫోన్. "అమ్మ చెప్పింది. ఆ అమ్మాయికీ నా వయసేగా నాన్నా. ఎక్కడుందో కనుక్కుందామా?"
పేరు తెలీదు. ఊరూ గుర్తులేదు. ఆ రోజు నడిపిన పైలట్ సార్‌కి గుర్తుంటుందేమో. ఉత్తరం మొదలుపెట్టా. రెండు లైన్లయ్యాయి... సార్ నా దగ్గరున్న పాత అడ్రసులోనే ఉన్నారో, మారారో.