గేటు దగ్గర అడగని మాట

సెక్యూరిటీ ఆఫీసరు గురుమూర్తి బాబుగారికి,

మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర కొత్తగా కాపలాకు చేరిన ఉదయ్‌కుమార్ మామ్మ భిలాయి సెక్టర్ 4 నుంచి రాస్తున్న ఉత్తరం. మీరూ మాలాగే విజయనగరం వైపు వారని వాడు చెబితే ధైర్యం చేశాను.

వాణ్ణి పనిలోంచి తీసేస్తామన్నారట. బయటికి వెళ్లే లారీలవాళ్లను ఎక్కడికని అడగడం లేదని మీ కోపం. బాబూ, అది బద్ధకం కాదు. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదని చిన్నప్పటి నుంచీ నేనే నేర్పాను. వాళ్ల తాత ఇక్కడి స్టీలు ప్లాంటుకు డ్యూటీకి వెళ్తున్నప్పుడు కూడా వాడు అడిగేవాడు కాదు.

"ఉద్యోగం కదరా, అడుగు" అని నిన్న ఫోనులో బతిమాలాను.

"అడిగినాను మామ్మా. నేను అడిగినోళ్లందరినీ దోషం పోవాలని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపినాను. లారీలన్నీ రోడ్డు దాకా ఆగిపోనాయి. గురుమూర్తి సాబ్ ఇంకా ఎక్కువ అరిచినారు" అన్నాడు.

"మరేటి చేస్తావురా?" అంటే ఏడుపు గొంతు పెట్టాడు.

దయచేసి వాణ్ణి లోపలికి వచ్చే గేటు దగ్గర వేయండి. ఎక్కడి నుంచి వస్తున్నారని ఎంతమందినైనా అడుగుతాడు. అందులో ఏ దోషమూ లేదు.

మీ దగ్గర చేరడానికని ఇక్కడి దుర్గ్ స్టేషన్‌లో వాడు రైలెక్కినప్పుడు ఏ ఊరు వెళ్తున్నాడో అడగాలని నా ప్రాణం కొట్టుకుంది. అయినా నోరు మూసుకున్నాను. రైలు కదిలాక ఫోను చేస్తే పుణే అన్నాడు. ఏ ఊరో తెలియక స్వెట్టరు పెట్టలేదు. అక్కడ చలి ఎక్కువా బాబూ?

మీ మాట కోసం చూసే,
ఉదయ్‌కుమార్ మామ్మ