కొసలు పంపించు

ఫిబ్రవరి 6

ప్రియమైన వదినకి,

క్షేమంగా చేరాను. గది మూడో అంతస్తులో దొరికింది. ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే ఎదురుమేడ గోడ, దాని మీద నీళ్ల పైపు. బదిలీ అయి ఊరు మారినా పని పాతదే. కళ్లద్దాలకు బిగించే అద్దాలను దీపం ముందు పెట్టి, గీతలున్నాయేమో చూడటం. జుట్టు మెషీన్లలో పడకుండా అందరూ టోపీ పెట్టుకోవాలట. నా జడ అందులో పట్టక నెత్తిన గంప ఎత్తుకున్నట్టున్నాను. సూపర్‌వైజరు మొదటిరోజే "అమ్మాయ్, అన్నం డబ్బా కూడా అందులోనే పెట్టుకున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అసలు సంగతికొస్తాను. నా తొమ్మిదో ఏట నుంచి ఈ జుట్టు మీద నీ కత్తెర తప్ప ఇంకో కత్తెర పడలేదు. నువ్వూ అన్నయ్యా విడిపోయాక కూడా రెండు నెలలకోసారి నీ పార్లరుకొచ్చి కుర్చీలో కూర్చునేదాన్ని. ఇప్పుడేమో బస్సులో ఏడు గంటల దూరం. మోకాళ్ల దాకా ఉన్నదాన్ని ఎవరి చేతిలో పెట్టను? ఎలా కత్తిరించాలో వివరంగా రాయి.

నీ మరదలు


ఫిబ్రవరి 15

ప్రియమైన గంపనెత్తి మరదలికి,

ఒకావిడ ముఖానికి పూత వేసి, అది ఆరేలోగా నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆవిడ కళ్లు మూసుకుని ఉంది కాబట్టి సరిపోయింది.

బుద్ధిగా విను. నీ వెంట్రుక మరీ సన్నం, పట్టుపోగు కూడా దాని ముందు మోటే. చిక్కు తీసేటప్పుడు కొసల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రా. పైనుంచి కిందికి లాగావో, సగం దువ్వెనకే పోతుంది. పళ్లు దూరంగా ఉన్న చెక్క దువ్వెన తప్ప వాడకు. తడి జుట్టును తువ్వాలుతో రుద్దకు, అద్ది వదిలెయ్. రబ్బరు బ్యాండ్లు పారేసి గుడ్డ రిబ్బను కట్టుకో. రెండు నెలలకోసారి అర అంగుళం, అంతకు మించొద్దు. కత్తెర జుట్టుకే ఉండాలి. దాంతో కాగితాలు కోస్తే మొద్దుబారి కొసల్ని నలిపేస్తుంది. నలిగిన కొస నాలుగు రోజుల్లో రెండుగా చీలుతుంది.

అయితే కత్తిరించాల్సింది నువ్వు కాదు. నువ్వు నిటారుగా నిలబడాలి, వెనక ఇంకొకరు పీట వేసుకుని కూర్చోవాలి. ఆ మాత్రం స్నేహితురాలు దొరక్కపోదు. కొసల మీద అడ్డంగా టేపు అంటించి, దానికి పైన కత్తిరించమను. అప్పుడు వరస చెదరదు. ఆ టేపును కాగితం మీద అతికించి పోస్టులో పంపించు. కొసలు చూస్తేగానీ జుట్టు ఎలా ఉందో నేను చెప్పలేను. ఫోన్లో ఫొటోలు పంపకు, అంత సన్నటి వెంట్రుక ఫొటోలో ఏం కనిపిస్తుంది?

మీ అన్నయ్య కొత్త కాపురం సంగతి నేనడగను, నువ్వు చెప్పకు.

ఉంటాను,
నీ వదిన


ఏప్రిల్ 20

ప్రియమైన వదినకి,

కొసలు పంపుతున్నాను. మా ప్యాకింగు సెక్షన్లో పనిచేసే అక్క కత్తిరించింది. ఆవిడ కూర్చుందంటే నోరు మూతపడదు. నవ్వితే చెయ్యి కూడా ఊగుతుంది, ఎక్కడ జానెడు ఎగిరిపోతుందోనని ఊపిరి బిగబట్టాను. ప్రతి ఆదివారం నా గదికే వస్తుంది. ఇద్దరం వండుకుంటాం, బజారుకు వెళ్తాం. నాకసలు తీరికే దొరకడం లేదనుకో.

నా గురించి బెంగపడకు.

నీ మరదలు


జూన్ 24

ప్రియమైన వదినకి,

ఈసారీ అక్కే కత్తిరించింది. కొసలు ఇందులో ఉన్నాయి. పని ఎక్కువగా ఉంది. మళ్లీ తీరిగ్గా రాస్తాను.

నీ మరదలు


జూలై 3

ప్రియమైన మరదలికి,

మీ ప్యాకింగు అక్క భలే మనిషే. వెనక కూర్చుని కత్తిరించినా ఒక పక్క అర అంగుళం, ఇంకో పక్క ఒకటిన్నర అంగుళం పోయేలా కోసింది. మొదటిసారి చెయ్యి ఊగిందనుకున్నాను. రెండోసారీ అదే పక్కకి, అదే ఏటవాలు. జుట్టును భుజం మీదుగా ముందుకు లాక్కుని ఎవరికి వారు కత్తిరించుకుంటేనే అలా వస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను పిల్లా.

అబద్ధమాడావని కోపం లేదు. ఒక్కదాన్నే ఉన్నానని నాతో కూడా చెప్పుకోలేకపోయావే అని బాధగా ఉంది.

నీ వదిన


అక్టోబరు 5

ప్రియమైన వదినకి,

మూడు నెలలుగా ఏం రాయాలో తెలియలేదు.

ప్యాకింగు అక్క ఉన్నమాట నిజమే. ఒకసారి అడిగాను కూడా. "అమ్మో, అంత జుట్టు ముట్టుకోవాలంటే నాకు భయం తల్లీ. తేడా వస్తే నన్నంటావు" అని అట్టపెట్టెలు సర్దుకుంటూ వెళ్లిపోయింది. ఆవిడ తప్పేం లేదు. ఇంకొకరిని అడగడానికి నాకే నోరు రాలేదు.

ఆదివారం తల రుద్దుకుంటే ఆరేసరికి సాయంత్రమవుతుంది. అంతసేపూ జుట్టు కుర్చీ వెనక్కి వేసుకుని ఆ నీళ్ల పైపును చూస్తూ కూర్చుంటాను. తలుపు తట్టేవాళ్లుండరు. శనివారం మూసిన నోరు మళ్లీ సోమవారం బస్సు కండక్టరు దగ్గరే తెరవడం. వదినా, ఈ ఊరొచ్చాక నన్ను ఒక్క మనిషి తాకలేదు. సరుకులిచ్చేటప్పుడు కొట్టామె వేలు తగిలితే అది రోజంతా గుర్తుంటోంది. ఇలాంటి మాట నీకు తప్ప ఎవరికీ రాయలేను.

ఈ జుట్టుకు ఇంకో మనిషి కావాలి. నాకు ఆ మనిషి లేదు. అందుకే పదిహేనో తేదీ ఆదివారం సెలూన్‌కి వెళ్లి మెడ దాకా తీయించేసుకుంటున్నాను.

నీ మరదలు


అక్టోబరు 11

ప్రియమైన పిల్లకి,

నీ ఉత్తరం ఇవాళే అందింది. ఫోన్ చేద్దామని నంబరు నొక్కి ఆపేశాను. నీ గొంతు వింటే చెప్పాల్సింది చెప్పలేను.

నేనూ నీతో అబద్ధమాడాను. కొసలు చీలాయో లేదో వెలుతురులో పెట్టి నువ్వే చూసుకోవచ్చు. దానికి పోస్టులో పంపక్కర్లేదు. మరి ఊరికే ఉత్తరాలు రాయమని నిన్ను ఏ ముఖం పెట్టుకుని అడగను? మీ అన్నయ్యతో తెగిపోయాక నేను నీకు ఏమవుతానో నాకే తెలియలేదు. నువ్వు పార్లరుకొచ్చి కూర్చునేదానివి కాబట్టి, మన మధ్య జుట్టొకటి మిగిలిందనుకున్నాను. కొసలు అడిగితే రెండు నెలలకో కవరైనా వస్తుందని ఆశపడ్డాను. ఆ వంకతో అడిగితే అవి నీ ఒంటరితనాన్ని మోసుకొచ్చాయి.

నీకు జడ వేసే పని లేక, పొద్దున లేవగానే నాకు చేతులతో ఏం చెయ్యాలో ఇప్పటికీ తోచదు. ఇది ఇన్నేళ్లలో నీకు చెప్పలేదు.

జుట్టు నీది, తీయించుకుంటే నీ ఇష్టం. చూసేవాళ్లు లేరని మాత్రం తీయించుకోకు. నవంబరు మొదటి ఆదివారం పార్లరు మూసేసి, కత్తెర సంచిలో వేసుకుని పొద్దుటి బస్సుకు వస్తాను. ఆ తర్వాత రెండు నెలలకోసారి వస్తాను. నేను రావడం నీకు ఇబ్బందైతే మొహమాటపడకుండా చెప్పు.

నీ వదిన


అక్టోబరు 18

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం సోమవారం అందింది. నేను ఆదివారమే తీయించేసుకున్నాను.

సెలూన్లో అమ్మాయి కత్తెర పట్టుకుని "నిజంగానేనా అక్కా?" అని మూడుసార్లు అడిగింది. ముందు మెల్లగా దువ్వింది. ఆ చెయ్యి తల మీద పడగానే నాకు ఏడుపు ఆగలేదు. జుట్టు పోతోందని ఏడుస్తున్నాననుకుని పాపం పక్కకు జరిగింది. "అందుకు కాదమ్మా, ఇంకాసేపు దువ్వు" అన్నాను. ఎందుకని అడక్కుండా దువ్వింది.

నీ ఉత్తరం చదవగానే ఇక నువ్వు రావనుకున్నాను. నువ్వు రావడానికున్న కారణాన్ని నేనే ఊడ్చి పారేయించానని అనిపించింది. రెండు రోజులు ఈ కబురు దాచిపెట్టాను. నువ్వొచ్చాకే చూస్తావులే, వచ్చినదానివి ఆ పూటకు ఉండకపోతావా అని కూడా అనుకున్నాను. మళ్లీ అబద్ధమెందుకని ఇది రాస్తున్నాను.

ఇవాళ కింది వాటాలో ఉన్న ఇంటావిడను ఇంకో మంచం అడిగాను. ఎవరొస్తున్నారంది. మా వదిన అని చెప్పాను. అలాగే, పైకి పంపిస్తానంది.

కత్తెర మోసుకురాకు. ఇక్కడ కత్తిరించడానికి ఏమీ లేదు. ఊరికే రా.

నీ మరదలు