లెమ్యుయేల్ ప్రాథర్ మూడు రేకు డబ్బాలు

పార్సిప్పనీ, న్యూజెర్సీ
జూలై 7, 2025, సోమవారం

చిరంజీవి జూడ్‌కి,

మన ప్రభువు నామంలో షాలేం రాజు అంకుల్ వందనాలు. నువ్వు షాంటిలీలో క్షేమంగా ఉన్నావని మీ నాన్న జోసఫ్ చెప్పాడు. ఇక్కడ లూసీ ఆంటీ, మా పాప అబిగేల్ బాగున్నారు. ఫోన్‌లో నన్ను బ్లాక్ చేశావు గనక పౌలు భక్తుడిలాగా కాగితం పట్టుకున్నాను. ఆయన చెరసాలలోనుంచి రాశాడు, నేను ఏసీ గదిలోనుంచి రాస్తున్నాను. ఎవరిది పెద్ద చెరో ప్రభువుకి తెలుసు.

ముందు అసలు వార్త. ఒడెస్సా ప్రాథర్ అమ్మగారు వెళ్లిపోతున్నారు. తొంభై ఒకటి నిండాయి. ఇంట్లోనే మంచం వేసి, చివరి రోజుల్లో చూసుకునే హాస్పిస్ నర్సుని పెట్టారు. వారమో, పది రోజులో అంటోంది ఆ నర్సు. ఆవిడ అడిగేది ఇప్పుడు ఒక్కటే. వాళ్ల నాన్న కదులుతుంటే చూడాలి. ఫోటోల్లో చూసుకుంది గానీ సినిమాలో ఒక్కసారి కూడా చూడలేదు. చిన్నప్పుడు వాళ్లమ్మ చూడనివ్వలేదు. పెద్దయ్యాక చూద్దామంటే ఆ సినిమాలే మిగల్లేదు, ఆ మూడు ఫిలిం డబ్బాలు తప్ప.

రెండేళ్ల క్రితం ఆ డబ్బాలు కనిపెట్టింది నువ్వే. మన తెలుగు సంఘం ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు కూడుకునే ఆ పాత నల్లవారి చర్చిలో, బేస్‌మెంట్‌లో, క్వాయర్ పాటగాళ్ల అంగీల పెట్టె అడుగున. మైకు వైర్లు లాగడానికి దిగి, మూత తీసి, పైకి పరుగెత్తుకొచ్చావు. సినిమా చదువుకున్న పిల్లాడివి గనక నీకు తెలిసింది. పాత ఫిలింలు భద్రపరిచే లైబ్రరీ ఆవిడ నువ్వు పంపిన ఫోటోలు చూసి, ఇవి ప్రపంచంలో ఇంకెక్కడా లేవు, సోమవారం వచ్చి తీసుకెళ్తాను, అప్పటిదాకా ముట్టుకోవద్దు అని చెప్పింది. ఆదివారం సాయంత్రానికి డబ్బాలు లేవు.

బేస్‌మెంట్ తాళంచెవి నీది. సినిమా పిచ్చి నీది. సంఘ పెద్దలు నిన్ను కూర్చోబెట్టి అడిగారు. నేను తీయలేదు అంకుల్, తీసి ఒడెస్సా గారి ఫేస్ ఎలా చూస్తాను అని మాత్రం అన్నావు. తాళం ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందని అడిగితే ఒకసారి నా వైపు చూసి తల దించుకున్నావు. మరుసటి ఆదివారం ప్రసంగానికి నేను యెహోషువ ఏడో అధ్యాయం తీశాను. శపితమైన సొమ్ము దొంగిలించి డేరాలో పాతిపెట్టిన ఆకాను. నీ పేరెత్తలేదు. ఎత్తాల్సిన పని లేకుండా నీ వైపే తిరిగి నలభై నిమిషాలు మాట్లాడాను. ఆమెన్‌లు బాగా వచ్చాయి. రెండో వారానికి నువ్వు ఊరు వదిలేశావు.

ఆ తర్వాతనుంచి ప్రతి మంగళవారం ఆఫీసయ్యాక నేను ఒడెస్సా అమ్మగారి దగ్గరికి వెళ్లి కీర్తనలు చదివి పెడుతున్నాను. మొదటి రోజే, బ్రదర్ రాజు, నీ షార్ట్ ప్రేయర్ అయ్యేసరికి నా సూప్ ఐస్ అవుతుంది, ముందు నన్ను తిననివ్వు అంది. తింటూ వాళ్ల నాన్న గురించి చెప్పేది. అలా అలా అంతా విన్నాను. నీకూ తెలియాలి.

లెమ్యుయేల్ ప్రాథర్ జార్జియాలో ఒక పాస్టర్ కొడుకు. పదేళ్లకే కీర్తనలు సగం నోటికి వచ్చు. పదిహేనేళ్లకి డేరా నాటకాలవాళ్లతో వెళ్లిపోయాడు. ఒంట్లో ఎముకలే లేనట్టు ఆడేవాడట. అక్కడినుంచి కాలిఫోర్నియా. మూకీ సినిమాల రోజులు. అసలే నల్లనివాడికి ఇంకా మసి పూసేవారు. పేరు కూడా తీసేసి సిండర్స్ అని పెట్టారు, ఆరిపోయిన బొగ్గులన్నమాట. వేషం ఎప్పుడూ ఒకటే, దెయ్యాన్ని చూసి పారిపోయే నౌకరు. ఒకడు తెల్ల దుప్పటి కప్పుకుని వస్తాడు. ఈయన కళ్లు తిప్పి, మోకాళ్లు వణికించి, కిటికీలోంచి దూకాలి. హాలంతా పడిపడి నవ్వేది. జార్జియాలో ఆయన మేనమామ ఇంటికి ఒకరోజు తెల్ల దుప్పట్లు కప్పుకుని నల్లవాళ్లని చంపే గుంపు నిజంగానే వచ్చింది జూడ్. మేనమామ మళ్లీ కనబడలేదు. అందుకే మా డాడీ అంత బాగా పరిగెత్తాడు, రిహార్సల్ అక్కడే అయింది అని ఆవిడ నవ్వింది. నేను బైబిల్లోకి తల దించుకున్నాను.

టాకీలొచ్చాక ఆ కీర్తనలు వచ్చిన నోటితో మాటలు విరిచి పలకమన్నారు. తలుపు తీసేవాడు, రైల్లో పెట్టెలు మోసేవాడు, వంటవాడు. ఎనభై పైచిలుకు సినిమాలు, పేరు పడింది పదకొండింటిలో. ఒక్కసారి మాత్రం మంచి పాత్ర దొరికింది. కొడుకు శవం పక్కన కూర్చున్న ముసలి వంటవాడు. నాలుగు నిమిషాలు, ఒక్క మాట లేదు, కళ్లు తిప్పడం లేదు. ఆ రోజు సెట్‌లో లైట్లు పట్టేవాళ్లు కూడా ఏడ్చారట. విడుదలకి ముందు ఆ ముక్క కోసేశారు. సిండర్స్ ఏడిస్తే ఎవరు చూస్తారు అన్నారట. కోసేసిన ఆ ముక్కను ఆయన అడుక్కుని తెచ్చుకున్నాడు. ఆ డబ్బాల్లో ఒకదానిలో అదే ఉందని ఆవిడ నమ్మకం.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సొంతవాళ్లే పత్రికల్లో రాశారు, ఇలాంటి మొహాలు మన జాతికి సిగ్గు అని. స్టూడియోవాళ్లకి నవ్వు అయిపోయింది, సొంతవాళ్లకి సిగ్గు మిగిలింది. ఆయన న్యూజెర్సీ వచ్చి ఒక పెద్ద బట్టల షాపులో లిఫ్ట్ నడిపాడు. ఎవరో ఒకరు గుర్తుపట్టి, ఏయ్ సిండర్స్, ఒకసారి కళ్లు తిప్పు అనేవాళ్లు. తిప్పేవాడు. ఆదివారం మన ఆ చర్చిలోనే తెల్ల చేతితొడుగులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడేవాడు. 1956లో పోయాడు.

ఇదంతా విన్న కొత్తలో నేను ఊరుకోలేదు. నా సంగతి నీకు తెలుసుగా. చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వం అమ్ముకున్న ఏశావులాగా మీ నాన్నగారు మొహం అమ్ముకున్నారు అన్నాను. ఆవిడ చెంచా కింద పెట్టింది. ఏశావుకి ఆ రోజు ఇంట్లో ముగ్గురు పిల్లలు ఆకలితో లేరు బ్రదర్ రాజు, నా తండ్రికి ఉన్నారు, నువ్వు ఆఫీస్‌లో ఏం అమ్ముతావు అని అడిగింది.

నేనేం అమ్ముతానో చెప్పనా. క్లయింట్లు లంచ్‌కి వచ్చినప్పుడల్లా మా మేనేజర్, రాజ్, ఆ కాల్ సెంటర్ వాయిస్ ఒకసారి చెయ్యి అంటాడు. చేస్తాను. తల కూడా ఊపుతాను. అందరూ నవ్వుతారు. నా గ్రీన్ కార్డ్ కాగితాల మీద సంతకం పెట్టేది ఆయనే. తర్వాత బాత్రూంలో మొహం కడుక్కుంటాను. పన్నెండేళ్లుగా కడుక్కుంటున్నాను.

ఆ ఫిలిం గురించి కూడా చదివాను. ఆ కాలపు ఫిలిం బతికున్న జంతువులాంటిది. ముసలిదయ్యేకొద్దీ చెమటలు పట్టి, జిగురై, పొడి అవుతుంది. ఎండ ఎక్కువైతే అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. అంటుకుంటే నీళ్లలో ముంచినా మండుతుంది. అగ్ని ఆరదు, పురుగు చావదు అని వాక్యంలో చదివినప్పుడల్లా నరకం ఎక్కడో దూరంగా ఉంటుందనుకునేవాడిని.

ఇక్కడ వారంనుంచి ఎండలు మండిపోతున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ పని ఉంది, బుధవారం పొద్దున్నుంచి సాయంత్రందాకా కరెంటు ఉండదు అని అపార్ట్‌మెంట్ ఆఫీస్‌వాళ్లు తలుపుకి కాగితం అంటించారు. అది చూసినప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

నువ్వు రావాలి జూడ్. ఆవిడ నిన్ను అడుగుతోంది. ఆ సన్నటి కుర్రాడు, గాడ్ బ్లెస్ హిమ్, నా డాడీ పేరు మొదట కరెక్ట్‌గా పలికింది వాడే అంటుంది. ఒక్క రోజు కూడా నువ్వు తీశావని ఆవిడ అనలేదు. అన్నది మనవాళ్లే.

నీ క్షేమం కోరే,
షాలేం రాజు

తా.క. సంతకం పెట్టాక ఇది రాయకుండా కవరు మూయబోయాను. చెయ్యి రాలేదు.

డబ్బాలు తీసింది నేను.

మన కాల్చివేత కూడికలు గుర్తున్నాయిగా. పార్కింగ్ లాట్‌లో ఇనప డ్రమ్ము పెట్టి, తాయెత్తులు, సినిమా డిస్కులు తెచ్చి వేయమనేవాడిని. పదమూడేళ్లప్పుడు నీ డిస్కులు నీ చేతే వేయించాను, నువ్వు ఏడుస్తుంటే హల్లెలూయా అన్నాను. నేను ప్రసంగించే పీఠం కింద సినిమా దాచి ఉందంటే సహించలేకపోయాను. ఎఫెసువారు మంత్రాల పుస్తకాలు తెచ్చి అందరి ఎదుట కాల్చారు గదా అనుకున్నాను. వాళ్లు కాల్చింది సొంత పుస్తకాలు. నేను ఇంకొకరివి తీసుకున్నాను. అందరి ఎదుట కూడా కాదు, మా అపార్ట్‌మెంట్ వెనక చికెన్ కాల్చుకునే గ్రిల్‌లో, ఎవరూ లేనప్పుడు. ఒక్క డబ్బా. అది మండలేదు, పేలింది. నీళ్లు పోస్తే నీళ్ల కిందా మండింది. కనుబొమ్మలు కాలితే కుక్కర్ ఆవిరి అని లూసీకి చెప్పాను. మూత మాత్రం మిగిలింది. దానిమీద సుద్దతో రాసింది అప్పుడు చదివాను. వంటవాడు, నాలుగు నిమిషాలు.

రెండోది నెల రోజులు కారు ట్రంక్‌లో దాచాను. పొడి అయిపోయింది. మూడోది ఫ్రీజర్‌లో ఉంది. చల్లగా ఉంటే అంటుకోదని చదివి, చేపల ప్యాకెట్ల వెనక, రెండేళ్లుగా. ఆకాను డేరాలో పాతాడు, నేను ఫ్రీజర్‌లో పెట్టాను.

ఒకసారి దాని చివర కొంచెం విప్పి కిటికీ వెలుగులో పెట్టి చూశాను. పొగగొట్టంలోంచి బయటపడ్డ లెమ్యుయేల్, ఒళ్లంతా మసి. సీన్ అయిపోయింది గానీ కెమెరా ఆపడం మరిచిపోయినట్టున్నారు. మూడేళ్ల పిల్ల ఎదురొచ్చి, ఆ మొహం చూసి జడిసి ఏడుస్తోంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని రుమాలుతో బుగ్గ తుడుచుకుంటున్నాడు, నేనేనమ్మా అన్నట్టు. ఆ పిల్ల ఎవరో నాకు చెప్పాల్సిన పని లేకపోయింది. ప్రతి మంగళవారం ఆవిడ మంచం పక్కన కూర్చుని నేను నోరు విప్పలేదు.

దొంగతనం కేసైతే నా వీసా పోతుంది, ఇల్లు పోతుంది అనుకున్నాను. నువ్వు ఇక్కడ పుట్టినవాడివి, నీకేం కాదు అనుకున్నాను. ఇదే నా సువార్త, రెండేళ్లుగా.

ఈ తా.క. మొదలుపెట్టాక కరెంటు పోయింది. బుధవారం అన్నది సోమవారమే పోయింది, ఎండకి. ఫ్రిజ్ చప్పుడు ఆగింది. లూసీకి అంతా చెప్పాను. వెళ్లి నాలుగు సంచుల ఐస్ తెచ్చింది. తెచ్చాక, నా కూతురి ఐస్‌క్రీం పక్కన పెట్టావు అంది. అంతే.

లైబ్రరీ ఆవిడకి ఫోన్ చేశాను. ముందు కదిలించొద్దు, ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని పిలవండి అంది. వాళ్లొస్తే ఒడెస్సా అమ్మగారు చూసేది ఏమీ మిగలదు అన్నాను. మళ్లీ తనే ఫోన్ చేసి, ఐస్‌లో పెట్టి తెండి, కారు అద్దాలు దించండి, నేను ఫిలిం చూపించే మెషీన్‌తో ఆ అమ్మగారింటి దగ్గర ఉంటాను అంది. నలభై నిమిషాల దారి. బయట నూటరెండు డిగ్రీలు. లూసీని, అబిగేల్‌ని ఎక్కించుకోను. దారిలో ఈ కవరు పోస్ట్ డబ్బాలో వేస్తాను, అది ముందు. నేను చేరినా చేరకపోయినా ఇది నీకు చేరాలి. మీ నాన్నకి చూపించు. పెద్దలకి చదివి వినిపించు, నేను నిలబడ్డ చోటే నిలబడి.

లెమూయేలు రాజుకి తల్లి నేర్పిన మాట సామెతలు ముప్పై ఒకటిలో ఉంది. మూగవారికోసం నీ నోరు తెరువు అని. ఆ అధ్యాయంలో గుణవతియైన భార్య గురించి వందసార్లు ప్రసంగించాను. ఈ మాట దాటేసి వెళ్లేవాడిని.

పెద్దల ఎదుట నువ్వు నా వైపు చూసింది అంకుల్ చెప్తాడులే అని. చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. ఆ ఆదివారం ఆరాధనకి ముందు బేస్‌మెంట్‌లో ప్రార్థన గది తీయాలని నీ తాళం అడిగి తీసుకున్నాను. సాయంత్రందాకా తాళంచెవి నా జేబులోనే ఉంది.